చల్లగా ఉందన్న చెయ్యి

కార్ల ఏసీలు బాగుచేసే ఆ షెడ్డులో మేస్త్రి అరచెయ్యే థర్మామీటరు. గాలి వచ్చే జాలీ ముందు చెయ్యి పెట్టి, ‘ఇంకా రెండు డిగ్రీలు దిగాలి’ అనేవాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. షెడ్డు తమ్ముడిదే అయినా, ఆ తమ్ముడికి పని నేర్పింది తానే కనుక దబాయింపు చెల్లింది.

ఏళ్ల తరబడి ఏసీల్లో నింపే చలిగ్యాసు చేతుల మీద చిమ్మి చిమ్మి ఆ వేళ్లు ఎప్పుడో మొద్దుబారాయని మాత్రం భార్యకొక్కదానికే తెలుసు. కాఫీ చల్లారిందో లేదో ఆవిడే చూసి చేతికిచ్చేది. పని మానెయ్యమని పోరేది. “మానేసి ఇంట్లో ఈగలు తోలుకోనా?” అని కసిరేవాడు. సంగతి బయటపడితే షెడ్డులో తన చోటు గల్లంతేనని ఆయన భయం.

ఆ రోజు వచ్చిన కారులో, లోపలి వేడిని కనిపెట్టే సెన్సార్ పోయింది. బఠాణీ గింజంత వస్తువు, స్టీరింగు కింద పలక వెనకాల ఉంటుంది. పాతది పీకి కొత్తది పెట్టాడు. దాని వైరు ప్లగ్గు కంటికి ఆనదు. బిగిసిందో లేదో వేలికే తెలియాలి. ఆ వేలికి తెలియలేదు. బిగిసే ఉంటుందనుకుని ఏసీ వేసి, జాలీకి చెయ్యి అడ్డంపెట్టాడు.

“చూశారా, మంచుగడ్డే!” అన్నాడు గర్వంగా.

కారాయన చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. “మంచేంటండీ, పొయ్యి మీంచి వచ్చినట్టుంటేనూ!”

సెన్సార్ కబురు అందక, లోపలివాళ్లు చలికి బిగుసుకుపోతున్నారనుకుని ఆ పిచ్చి కారు వేడిగాలి కక్కుతోంది. తమ్ముడు వచ్చి, వంగి, జాలీకి చెంప దగ్గరగా పెట్టి చూశాడు.

“మా అన్నయ్యకి వేళాకోళం ఎక్కువలెండి,” అని నవ్వి, టార్చీ, చిన్న అద్దం తెచ్చి, కళ్లతో చూసుకుంటూ ప్లగ్గు బిగించాడు.

కారు వెళ్లిపోయాక మేస్త్రి ఉండబట్టలేక నోరు పారేసుకున్నాడు. “ఏరా, ఇక పొమ్మంటావా? పని నేర్పినవాణ్ణి నేను!”

“పొమ్మని ఎవరన్నారు? బాగానే నేర్పావు. అప్పట్లో చేతులకి తొడుగులు కావాలని నేనడిగితే, గాజులు కూడా తొడుక్కోరా అని పదిమందిలో నవ్వావు.” తమ్ముడు కుడిచెయ్యి చాచాడు. “మూడు వేళ్లకి స్పర్శ పోయిందన్నయ్యా. చెంప పెట్టి చూసేది అందుకే.”

మేస్త్రి నమ్మలేదు. ఆ చూపుడువేలు పట్టుకుని గోరు దిగేలా గిల్లాడు.

తమ్ముడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.