కోట బావిలో రాయి

ఈ రోజు మా పెదనాన్నతో కలిసి మహాబలిపురం దగ్గర, సముద్రం ఒడ్డునున్న డచ్చి సైనికుల పాత కోట చూశాను. ఆయన పుంగనూరు పక్కన పెద్దపంజాణిలో రైతు. మా వైపు బావి కనిపిస్తే చాలు, రాయి వేసి చప్పుడును బట్టి నీళ్ళ లోతు చెబుతారు. ఆ కోట బావిలోనూ పెదనాన్న ఒక రాయి వేశాడు. ఇద్దరం చెవులు రిక్కించాం. చప్పుడే లేదు.

“ఇసకలో పడిందేమో పెదనాయనా,” అన్నాను.

“ఇసకలో పడినా సద్దొస్తాదమ్మా. లోపల ఎవురో పట్టుకున్నట్టుండాది.”

నవ్వుకుంటూ గేటు దాకా వచ్చాం. అప్పుడు వెనక, ఎవరూ లేని కోటలో, ఆ బావి బుడుంగుమంది.

పెదనాన్న తిరిగి చూడలేదు. “బిరీన నడువు,” అన్నాడు.

రాయి పడటానికి అంతసేపు పడుతుందా? చదువుకున్నవాళ్ళు ఎవరైనా అవునని చెప్పండి. ఈ లాడ్జిలో నేను నిద్రపోవాలి.