వర్తూరు దిగుడులో బెల్లు

రుక్కు ఎప్పుడూ మా వీధి మలుపులోనే బెల్లు మొదలుపెట్టి, గేటు దాకా కొడుతూనే వస్తుంది. పోయిన గురువారం పొద్దున కొట్టలేదు. గేటు ముందు దిగి, సైకిలు పట్టుకుని అట్లాగే నిలబడింది.

"మిస్ పోయినారే," అంది.

తలస్నానానికని జుట్టు విప్పుకుని ఉన్నాను. ఆ జుట్టుతోనే బయటికి వచ్చి, గోడకు ఆనించి ఉన్న సైకిలు వైపు చూశాను. అది నాది కాదు, మిస్‌ది. రెండేళ్ళుగా నేను తొక్కుతున్నాను. అది నా దగ్గరికి ఎట్లా వచ్చిందో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మిస్ మా కాలేజీలో డ్రిల్లు టీచరు. నలభై దాటిన మనిషి, బెంగళూరు పేటలో మగ్గాల ఇంటి ఆడపడుచు. చీర కుచ్చిళ్ళు వెనక చక్రంలో పడకుండా మా అందరి సైకిళ్ళకూ నూలు తాడుతో వలలు అల్లి కట్టింది ఆమే. అందరినీ "అమ్మణ్ణీ" అనేవారు. పేరు పెట్టి పిలిచారంటే కోపం వచ్చిందని అర్థం. "ఎత్తు ఎక్కేటప్పుడు మాట్లాడొద్దండి, ఆ ఊపిరి కాళ్ళది," అని చెప్పేవారు. ఇప్పటికీ మెట్లు ఎక్కుతుంటే నా నోరు దానంతటదే మూతపడుతుంది.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో రుక్కూ నేనూ కలిపి అయిదుగురు ఆడపిల్లలం ఆమె వెంట కోలారు దాకా సైకిళ్ళ మీద పోయి వచ్చాం. ప్రిన్సిపాలు ఒప్పుకోవడానికి నెల పట్టింది. మా నాన్న ఒప్పుకునేలోగా ఆమె మా ఇంట్లో నాలుగుసార్లు కాఫీ తాగాల్సి వచ్చింది.

ఆమెదొక పద్ధతి. అందరికంటే నెమ్మదిగా తొక్కే పిల్ల మొదట పోవాలి, ఆమె చివర వస్తారు. మలుపు వచ్చినప్పుడల్లా వెనకనుంచి ఆమె రెండుసార్లు బెల్లు కొడతారు. ఆమె ముందున్న పిల్ల దాన్ని అందుకుని కొట్టాలి, తర్వాత ఆ ముందు పిల్ల, అట్లా మొదటి సైకిలు దాకా పోవాలి. వెనకనుంచి బెల్లు రాలేదంటే అందరూ కాళ్ళు కింద పెట్టాల్సిందే. నేను దూసుకుపోయే రకమని నన్ను తన ముందే పెట్టుకున్నారు. "నువ్వు నా కండ్ల ముందర ఉండు. నా బెల్లు నీ చేతిలో ఉండాది," అన్నారు.

పోయేటప్పుడు ఎదురుగాలి, మిలిటరీ లారీల దుమ్ము. హొసకోట దగ్గర రుక్కు ఏడ్చింది. ఏడుస్తూనే తొక్కింది. బండి తోలుకొస్తున్న ముసలాయన ఒకడు ఎద్దుల్ని ఆపి మరీ, "ఏమ్మా, మీ ఇండ్లల్లో మొగోళ్ళు లేరా?" అని అరిచాడు.

"ఉండారప్పా, వంట చేస్తాండారు!" అన్నారు మిస్, కాలు ఆపకుండా.

రుక్కు ఏడుపు మరిచిపోయింది. ఆ సాయంత్రం కోలారులో మిస్ పెద్దమ్మ ఇంట్లో వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రాగిముద్ద తిన్నాం. అంత ఆకలీ అంత సంతోషమూ ఒక్కసారిగా నాకు మళ్ళీ రాలేదు.

తిరుగు దారిలో లారీల బాధ పడలేక కాడుగోడి వైపు తిరిగాం. హూడి మీదుగా పోతే దగ్గరన్నారు మిస్. వర్తూరు చెరువు చూడాలని పట్టుబట్టింది నేను. ఆమె వద్దంటున్నా కట్ట మీద వేగంగా తొక్కి, తుమ్మముళ్ళ మీదికి పోనిచ్చిందీ నేనే. ట్యూబు జానెడు చీలింది. వెంట తెచ్చిన అతుకులు కోలారు దారిలోనే అయిపోయాయి. కొత్త ట్యూబు బెంగళూరులోనే దొరకని కాలం అది.

మిస్ నా చక్రం విప్పారు. చెరువు అంచున తుంగ కోసి, మెలిపెట్టి, టైరులోకి కూరారు. ఎక్కి నాలుగు బారలు తొక్కి చూసి దిగారు.

"రాతి చక్రం మాదిరి ఉండాది. ఇది నాకు. నాది నువ్వు తీసుకో అమ్మణ్ణీ."

"తప్పు నాది కదా మిస్?"

"నీకు ఇది ఇస్తే ఊరు చేరేదాకా ఏడుస్తావు. నేను ఏడవను, పో."

వర్తూరు దాటాక ఒక ఎత్తు, దాని అవతల పొడుగాటి దిగుడు. ఆమె సైకిలు నా కింద ఉన్నట్టే లేదు, అంత తేలిక. మలుపు వచ్చింది. వెనకనుంచి బెల్లు రాలేదు.

ఆగాలి. ఆగితే ఆ దిగుడు ఊపు చెడిపోతుంది. నా వేలి కింద ఉన్నది ఆమె ఇత్తడి బెల్లు. అందుకున్నదానిలాగా రెండుసార్లు కొట్టాను. ముందున్న నాలుగు సైకిళ్ళూ నమ్మి ఒకటి తర్వాత ఒకటి మోగాయి. రెండో మలుపులోనూ కొట్టాను. మూడో మలుపుకు వేలు కదల్లేదు. అప్పుడు వెనక్కి తిప్పాను.

మిస్ మోరీ గట్టు మీద కూర్చుని ఉన్నారు. మొహమంతా చెమట, పెదవులు నల్లబడి ఉన్నాయి, చెయ్యి గుండెల మీద. సైకిలు దారిలో పడి ఉంది. ఊపిరి అందాక అన్నారు: "బెల్లు విన్నాను. నాదే కదా? దూరం నుంచి వినడం ఇదే మొదలు. బాగా మోగుతాది."

తిట్టలేదు. పేరు పెట్టి కూడా పిలవలేదు.

"ఇంతకు ముందు కూడా వచ్చిందా మిస్, ఇట్లా?"

"రెండు మూడు మార్లు. ఎవరికీ చెప్పొద్దు. ప్రిన్సిపాలు చెవిన పడితే ఆడపిల్లల సైకిళ్ళు ఇంతటితో సరి. చెయిను ఊడిందని చెప్పు."

అట్లాగే చెప్పాను. ఆమె మాట నిలబెట్టడానికే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. అది నిజం కాదు. మరుసటి ఏడు మైసూరు పోదామన్నారు. నాకు మైసూరు కావాలి.

మైసూరు పోలేదు. ఆమె మళ్ళీ సైకిలు ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పేవారు. "ట్యూబు దొరికేదాకా నాది నీ దగ్గరే ఉండనీ," అన్నారు. కాలేజీ మెట్ల మధ్యలో ఆగి, నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడేవారు. ఆ బోర్డు మీద నెలల తరబడి ఒకే కాగితం ఉండేది. ఊపిరి కోసం ఆగేవారని నాకు ఒక్కదానికే తెలుసు. పక్కనుంచి నమస్కారం పెట్టి ఎక్కిపోయేదాన్ని.

గురువారం ఆమె సైకిలు మీదే మిస్ ఇంటికి పోయాను. వాళ్ళ చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"ఎప్పటినుంచి ఉండాది ఈ జబ్బు అని డాక్టరు అడిగినాడమ్మా. మాకేం తెలుసు? తెలిసుంటే బిందెడు నీళ్ళన్నా ఎత్తనిచ్చేవాళ్ళమా?"

అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. రుక్కుకూ మిగతా ముగ్గురికీ ఈ సంగతి ఇక్కడ చదివితేనే తెలుస్తుంది. చెల్లెలుగారికీ అంతే. క్షమించమని అడగాల్సిన మనిషి లేరు. ఉన్నా ఆమె క్షమించే ఉంటారు, దాంతో నాకు ఒరిగేదేమీ లేదు.

పంచలో నా సైకిలు ఉంది, రెండేళ్ళ దుమ్ముతో. "మీది తీసుకుపోమ్మా," అంది చెల్లెలు. మిస్ సైకిలు దాని చోట ఆనించి, నాదాన్ని నడిపించుకుంటూ బయలుదేరాను. టైరు ఎండి పగిలి ఉంది. లోపల తుంగ గరగరమంటోంది.

వీధి మలుపులో అలవాటుకొద్దీ ఆగి వెనక్కి చూశాను. ఆమె గడప నుంచి నా కాళ్ళ దాకా దారి పొడుగునా సన్నగా తుంగపొడి రాలి ఉంది. బెల్లు మీద వేలు పెట్టి, వెనకనుంచి వినబడాల్సిన దాని కోసం నిలబడ్డాను.