వెలుతురు దెబ్బ

2024 ఏప్రిల్ 18, గురువారం. ఇరవై నాలుగు డిగ్రీలు.

అరకు నుంచి హుకుంపేట వెళ్ళే దారి పక్కన, గంగ ఇంటి ఎడమ వాటాలో అద్దెకుంటున్న అప్పలస్వామి ఆ అంకెను మధ్యాహ్నం రెండు గంటలకు 'మన వంశం' అనే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పక్కన మంచు బొమ్మ ఒకటి జతచేసి, నుదుటి చెమటను తువ్వాలుతో తుడుచుకున్నాడు. విజయనగరంలోను, బొబ్బిలిలోను చొక్కాలు విప్పి కూర్చున్న బంధువులు ఆ అంకెను చూసి నిట్టూర్చారు.

అంకె అబద్ధం కాదు. సీలేరు జలవిద్యుత్ కాలనీలో సర్వీసంతా స్టోర్‌కీపరుగా చేసి, దిగిపోయే రోజున ఒక్క బోల్టయినా తగ్గకుండా అప్పగించి వచ్చిన మనిషి ఆయన. థర్మామీటరులో ఎంత కనిపిస్తే అంతే రాస్తాడు. మారుతూ వచ్చిందల్లా థర్మామీటరు ఉండే చోటు. మొదటి వేసవిలో అది వీధికి కనిపించేలా వరండాలో వేలాడేది. రెండో వేసవికి ఉత్తరపు గోడకు మారింది. మూడో వేసవికి నీళ్ళ ట్యాంకు కిందికి చేరింది. ఈ ఏప్రిల్‌లో వంటగది మూలకు వచ్చి, తడిగుడ్డ చుట్టిన మంచినీళ్ళ కుండకు ఆనుకుని స్థిరపడింది. ఆ ఇంట్లో సుఖంగా ఉన్నది అదొక్కటే.

ఇదంతా పదవీ విరమణ సభలో మొదలైంది. మెడలో మూడు శాలువాలతో, చేతిలో సహోద్యోగులిచ్చిన ఉన్ని రగ్గుతో అప్పలస్వామి మైకు ముందు నిలబడి, "ఇకమీదట మైదానం ఎండలో అడుగు పెట్టను. అరకులో ఉంటాను. నా శేషజీవితంలో ఫాను గాలి పీల్చను" అని ప్రకటించాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. వీడియో కూడా తీశారు. వీడియో ఉన్న ప్రతిజ్ఞను మార్చుకోవడం ఎవరికైనా కష్టమే.

కాబట్టి ఆయన మాటను మార్చుకోలేదు, మాటలను మార్చుకున్నాడు. ఆ ఇంట్లో 'ఎండ' అన్న పదం వాడుకలోంచి పోయింది. దాని స్థానంలో 'వెలుతురు' వచ్చింది. "ఈరోజు వెలుతురు కాస్త గట్టిగా ఉంది" అనేవాడు. చెమట 'తేమ' అయింది. ఎండుమిరప పొడిమిరప అయింది. పెరట్లో ఆ వేసవికి చక్కగా కాస్తున్నది బెండ ఒక్కటే, దాని పేరు పలికేటప్పుడు కూడా ఆయన మొదటి అక్షరాన్ని నొక్కి పలికేవాడు.

గిరిజనుల ఏజెన్సీ ప్రాంతంలో మైదానం వాళ్ళు స్థలం కొనడానికి వీల్లేదు. అందుకే అద్దె. ఇంటి యజమానురాలు గంగ ఈ కొండల్లోనే పుట్టి పెరిగిన మనిషి. ఆమె మాత్రం కిందటేడే తన వాటాలో ఫాను పెట్టించుకుంది. మధ్యగోడకు అవతల ఫాను తిరుగుతుంటే, ఇవతల మంచం మీద రగ్గు మడిచి ఉండేది. అప్పలస్వామి భార్య సత్యకుమారి తన మంచాన్ని ఆ గోడ వారకు జరుపుకుంది. గాలి రాకపోయినా చప్పుడైనా వినవచ్చునని.

అంకె పంపిన ఆ గురువారమే సత్యకుమారి తమ్ముడు లక్ష్మీప్రసాద్ విజయనగరం నుంచి ఫోను చేశాడు. కింద మాడిపోతున్నామని, పది రోజుల్లో కుటుంబంతో చల్లగా వచ్చేస్తామని, బావగారి తోట టమాటా పప్పు తినాలని అన్నాడు. ఆ తోట ఫొటోలు జనవరివి. అప్పలస్వామి వాటినే విడతలవారీగా గ్రూపులో పెడుతూ వస్తున్నాడు.

"ఇన్నారా?" ఫోను పెట్టేసి సత్యకుమారి అడిగింది. "టమాటా పప్పంట. ఎక్కడుందండీ టమాటా? పొద్దున్న పువ్వు పూస్తంది, మజ్జానానికి రాలిపోతంది. ఒక్క పిందైనా నిలిచిందేటి?"

"వెలుతురు ఎక్కువైతే పువ్వు కొంచెం అలిసిపోతుంది."

"పువ్వు అలిసిపోతే రాలిపోద్ది. నేను అలిసిపోతే మా తమ్ముడి కారెక్కీస్తాను. ఆడింట్లో ఏసీ ఉంది." ఆమె విసనకర్రను కిందపెట్టింది. "ఇదే నా మాట. ఆడొచ్చే రోజుకి ఈ పెరట్లో ఒక్క టమాటా పండు సూపించండి. పచ్చిది కాదు, పండు. ఈ ఏసవంతా ఇక్కడే పడుంటాను, ఫాను మాట ఎత్తను. లేదంటే వానలు పడ్డాకే నా మొకం సూస్తారు."

వానలు పడేదాకా అంటే రెండు నెలలు. ఇన్నేళ్ళ కాపురంలో అప్పలస్వామి పొయ్యి వెలిగించింది సిగరెట్టు అంటించుకోవడానికి మాత్రమే. అయినా ఆయన వెంటనే "సరే" అన్నాడు. చివరి మొక్కలో, అడుగు ఆకుల చాటున, నిమ్మకాయంత పచ్చికాయ ఒకటి ఉందని ఆయనకు పొద్దుననే తెలుసు.

ఆ కాయను కాపాడాలంటే నీడ కావాలి. అక్కడే చిక్కొచ్చింది. నీడ కావాలని ఒప్పుకుంటే ఎండ ఉందని ఒప్పుకున్నట్టే. అప్పలస్వామి ఒక పూటంతా ఆలోచించి, నాలుగు వెదురు కర్రలు పాతి, వాటిమీద సన్మానపు శాలువాలు కప్పాడు. అవి పలచగా ఉన్నాయనిపించి పైన ఉన్ని రగ్గు కూడా పరిచాడు.

కంచె అవతల నుంచి గంగ చూసింది. "ఏటి బాబు, మొక్కకి జొరమొచ్చిందా? రగ్గు కప్పినావు?"

"మంచు పడుతుంది గంగా. లేత కాయకు మంచు మంచిది కాదు."

గంగ ఆకాశం వైపు చూసింది. అక్కడ ఒక్క మబ్బు తునక కూడా లేదు. "ఏ మంచు బాబు? నిన్న మా మేకపిల్ల నాలిక బయటెట్టీసి పడిపోనాది."

"దానికి వెలుతురు దెబ్బ తగిలి ఉంటుంది."

గంగ కంచె పట్టుకుని కిందికి జారిపోయేలా నవ్వింది. "ఓ అప్పా!" అని లోపలున్న సత్యకుమారిని అక్క వరసతో కేకేసింది. "ఇన్నావా? మా మేకకి వెలుతురు దెబ్బంట! కాఫీ మొక్కకి నీడుండాలని ఆఫీసరోళ్ళు సెప్పినారు గాని, టమాటాకి సలేస్తాదని మాకెవలూ సెప్పలేదు!"

సాయంత్రానికి ఆ మాట టీకొట్టు చేరింది. మర్నాడు మజ్జిగ ప్యాకెట్టు అడిగేవాళ్ళు కూడా "వెలుతురు దెబ్బకి ఒకటియ్యి" అని అడగసాగారు.

అప్పలస్వామి అవేమీ పట్టించుకోలేదు. రోడ్డువార సిల్వర్ ఓక్ చెట్ల కింద రాలిన ఆకులు గోనెసంచితో తెచ్చి మొక్క మొదట్లో పరిచాడు. బియ్యం కడిగిన నీళ్ళు పోశాడు. అవి చాలక, మొక్క పక్కనే బల్ల వేసుకుని, సబ్బు మానేసి, అక్కడే స్నానం చేయడం మొదలుపెట్టాడు. తక్కిన మొక్కలు, చివరికి బెండతో సహా, ఎండిపోయాయి. ఆయన లెక్కలో అవి 'విశ్రాంతి తీసుకున్నాయి'. పాదు మీది ఆనపకాయలు వేలెడంత ఉండగానే ముడుచుకుపోయాయి. టమాటా ఒక్కటి నిలిచింది.

శుక్రవారం సంతలో కింద నుంచి లారీలో వచ్చిన టమాటాలు ఎర్రగా కుప్పపోసి ఉన్నాయి. అప్పలస్వామి వాటి ముందు కొంచెంసేపు నిలబడ్డాడు. ఒకటి తెచ్చి దారంతో మొక్కకు కట్టే ఆలోచన వచ్చిన మాట నిజం. కాని బయటి సరుకును సొంత స్టాకులో చూపించడం స్టోర్‌కీపరు చేయగల పని కాదు. మిరపకాయలు కొనుక్కుని వచ్చేశాడు.

ఆ మర్నాడు కాయ రంగు తిరిగింది. తిరిగి, పసుపు దగ్గర ఆగిపోయింది. వేడి మరీ ఎక్కువైతే టమాటాలో ఎరుపు పుట్టదు. పండినా పసుపుపచ్చగానే ఉండిపోతుంది. శాస్త్రం ఆ మాటే చెబుతుంది. శాస్త్రాన్ని ఒప్పుకుంటే వేడినీ ఒప్పుకోవాలి గనుక అప్పలస్వామి దాన్ని 'కొండ రకం' అన్నాడు.

"పండంటే ఎర్రగుండాల," అంది సత్యకుమారి.

"కొండ రకం ఇలాగే ఉంటుంది."

"జనవరిలో ఇదే ఇత్తనం ఎర్రగా కాసినాది కదేటి? అప్పుడిది ఏ రకమో?"

ఆయన మొక్కకు ఇంకో చెంబు నీళ్ళు పోశాడు. ఆమె సూట్‌కేసులో చీరలు సర్ది, వచ్చేవాళ్ళకు తగిలేలా ముందుగదిలో పెట్టింది. "ఇంకా ఒక రోజుంది. ఎర్రబడితే బట్టలు తీసేస్తాను."

ఆదివారం పదకొండు గంటలకు కారు వచ్చింది. పండు ఇంకా పసుపుగానే ఉంది. కారులోంచి ముందుగా లక్ష్మీప్రసాద్ దిగాడు, నిండుచేతుల స్వెట్టరుతో. తర్వాత అతని భార్య బిందుమాధవి, శాలువా కప్పుకుని. వెనక పన్నెండేళ్ళ కూతురు సాయిదుర్గ, మంకీ క్యాప్‌తో. ముగ్గురూ ఒక నిమిషం అలాగే నిలబడ్డారు. వాళ్ళ ముఖాల్లో సందేహం కనిపిస్తోంది.

అప్పుడు లక్ష్మీప్రసాద్ రెండు చేతులూ రుద్దుకున్నాడు. "అబ్బ, ఏం సలి బావా!"

తాను తప్ప మరొకరు ఆ మాట అనడం అప్పలస్వామి ఆ వేసవిలో వినడం అదే మొదటిసారి. ఆనందంతో ఆయన వాళ్ళ సంచులు తానే లోపలికి మోశాడు. అసలు సంగతి వంటగదిలో బిందుమాధవి నోట బయటపడింది.

"ఏటి సెప్పమంటారు వదినగారూ. శీతాకాలం సరుకని మీ తమ్ముడు కొట్టునిండా స్వెట్టర్లు దింపీసినారు. ఒక్కటీ పోలేదు. అటక మీద అవే, మంచాల కింద అవే. అరకులో ఏసంగిలో కూడా సలేనని ఫొటో తీసి పెడితే జనాలు కొంటారంట. దానికే ఈ ఏసాలన్నీ."

"అత్తా, ఫానేదీ?" సాయిదుర్గ పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"మీ మావయ్యనడుగు."

"ఇక్కడ అవసరం లేదమ్మా," అన్నాడు అప్పలస్వామి.

"మరి నాకు సెమటెందుకు పడతంది?"

"అది తేమ."

లక్ష్మీప్రసాద్ అందరినీ పెరట్లోకి తోలాడు. పచ్చగా ఉన్న మొక్క కోసం వెతికితే ఒక్కటే కనిపించింది. దాని మీది రగ్గు ఫొటోకు అడ్డంగా ఉందని, దాన్నీ శాలువాలనూ లాగి కంచె మీద పడేశాడు. అప్పలస్వామి అప్పుడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళి ఉన్నాడు.

"నాన్నా, నాకు తల తిరుగుతంది."

"రెండు నిమిషాలు నవ్వు గుంటా, తరవాత తిరుగుద్ది."

ఫొటో అయింది. 'అరకు చలిలో మా బావగారి తోట. స్వెట్టర్లు మా వద్ద లభించును' అన్న రాతతో అది అక్కడికక్కడే స్టేటస్ అయింది. అందరూ లోపలికి వచ్చి భోజనానికి కూర్చున్నారు. భోజనం కాగానే పండును చూసి తీర్పు చెబుతానని సత్యకుమారి ప్రకటించింది. అప్పలస్వామి ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడే గాని, కళ్ళు మాటిమాటికీ సూట్‌కేసు మీదికి పోతున్నాయి. మజ్జిగ పోసుకునేటప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. చెంబు కోసం పక్కకు తిరిగినప్పుడు పెరటి గుమ్మంలోంచి కంచె మీద రగ్గు కనిపించింది.

ఆయన ఎంగిలి చేత్తోనే లేచి పరుగెత్తాడు.

"రగ్గెవడు తీశాడు! ఎవడయ్యా తీసింది! ఎండ! ఎండ కాల్చేస్తోంది! ఎండరా ప్రసాదూ, ఎండ!"

గోడ అవతల గంగ ఫాను ఆపి మరీ విన్నది.

పండులో ఎండకు తగిలిన సగం ఉడికిన బంగాళదుంపలా తెల్లబడింది. అప్పలస్వామి దాని మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. ఇల్లంతా గుమ్మంలోకి వచ్చింది. సత్యకుమారి మెట్లు దిగి వచ్చి, తువ్వాలు పక్కకు జరిపి, పండును తుంచి అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఏటన్నారు?"

"ఏమీ అనలేదు."

"అన్నారు. ఇంకోసారి అనండి."

ఆయన బావమరిది వైపు చూశాడు, రగ్గు వైపు చూశాడు, కంచె మీదుగా తొంగిచూస్తున్న గంగ వైపు చూశాడు.

"ఎండ," అన్నాడు మెల్లగా.

"ఎంతుందో సూద్దారి," అని సత్యకుమారి లోపలికి వెళ్ళి, కుండ పక్కనున్న థర్మామీటరు తెచ్చి, వరండాలోని పాత మేకుకు తగిలించింది. పాదరసం ఎక్కుతుంటే అందరూ మెడలు చాచి చూశారు. ముప్పై తొమ్మిది దగ్గర అది నిలబడింది. లక్ష్మీప్రసాద్ స్వెట్టరు విప్పేశాడు.

పండు పసుపా ఎరుపా అన్న వివాదం ఆ తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు. సత్యకుమారి తెల్లబడిన భాగం కోసి పారేసి, మిగిలిన సగాన్ని రాత్రి పప్పులో వేయడానికి పక్కన పెట్టింది. సూట్‌కేసు తెరిచి చీరలు బీరువాలో సర్దింది. "గంగా, మీ ఇంట్లో ఫాను బిగించినోడెవడే?"

"సుక్రు. రేపే రమ్మంటాను అప్పా. ఇల్లు నాది, మేకు కొట్టమని నానే సెప్తన్నాను. బాబు వద్దంటే ఇసనకర్ర బాబునే పట్టుకోమను, ఇసురుతాడు."

కొట్టు పని గుర్తొచ్చి లక్ష్మీప్రసాద్ ఆ సాయంత్రమే కుటుంబంతో దిగిపోయాడు. కారు ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తుకుని వెళ్ళాడు. సత్యకుమారి కారెక్కలేదు.

మంగళవారం నాడు ఫాను తిరిగింది. "దోమలకు," అని అప్పలస్వామి సుక్రుతో అన్నాడు. సుక్రు తలుపు పక్కనున్న మడిచిన రగ్గును ఒకసారి చూసి నిచ్చెన మడిచాడు. గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు, ఫాను కింద కూర్చుని, అప్పలస్వామి 'మన వంశం'లో రాశాడు: 'అరకు. ముప్పై తొమ్మిది. ఎండ.'

ఐదు నిమిషాల్లో జవాబులు వచ్చాయి. థర్మామీటరు పాడైనట్టుంది, మార్పించండి అని ఒకరు. ప్రసాదు ఫొటోలో చూశాం గదా అని మరొకరు. ఫొటో చూసి తామూ వస్తామని చెప్పి ఉన్న బొబ్బిలి పెదనాన్న కొడుకు కాస్త నొచ్చుకున్నాడు. వస్తామన్నవాళ్ళను వద్దనడానికి ఇంత అబద్ధం అక్కర్లేదని రాశాడు.

శనివారం పొద్దున గంగ ఇంటి ముందు వ్యాను ఆగింది. బొబ్బిలి వాళ్ళు ఏడుగురు దిగారు. ఏడుగురి ఒంటి మీదా లక్ష్మీప్రసాద్ కొట్టు స్వెట్టర్లే. చిన్నదాని మెడకు ధర చీటీ ఇంకా వేలాడుతోంది. అప్పలస్వామి వాళ్ళకు ఎదురువెళ్ళి, వరండాలో మేకుకు వేలాడుతున్న థర్మామీటరును చేత్తో చూపించాడు. ఎవరూ అటు చూడలేదు. "తోటెక్కడ బాబాయ్?" అంటూ నేరుగా పెరట్లోకి నడిచారు.

సత్యకుమారి మధ్యగోడ మీద అరచేత్తో కొట్టింది.

"గంగా! సుక్రుని బేగి రమ్మనే. ముందుగదిలో ఇంకోటి ఎయ్యాల."