గంగామణక్క కుట్టిన వీరులు

డిసెంబరు వచ్చిందంటే నాందేడ్‌లో మా దుకాణం నిండా బట్టలకు పురుగు పట్టకుండా వేసే డాంబరు గోళీల వాసనే. మాది వేషాలు అద్దెకిచ్చే దుకాణం. ఏడాదంతా పెట్టెల్లో పడుకున్న రాజులూ, రాణులూ, సాధుసంతులూ బళ్ళలో గ్యాదరింగుల కోసం బయటికి వస్తారు. గ్యాదరింగు అంటే ఇక్కడ బడి వార్షికోత్సవం. మొన్న పై అరలోంచి ఒక మూట దించి ముడి విప్పితే, ఒకదానికొకటి అంటుకుపోయిన సూపర్‌హీరో సూట్లు కనబడ్డాయి. చాలావాటికి పట్టీలు లేవు. నేనే పీకేశాను, ఎందుకో తర్వాత చెబుతాను. ఒకదానికి మాత్రం మిగిలి ఉంది. లాగితే ఆ వెల్క్రో పట్టీ చర్రుమని ఊడింది. చేతిలో పని వదిలేసి కూర్చుండిపోయాను. ఈ మధ్య కూర్చోవడానికి నాకు ఏదో ఒక సాకు కావాలి, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ చప్పుడు సాకు కాదు. అది వింటే గంగామణక్క గుర్తొస్తుంది.

దుకాణం అప్పట్లో ఆమెదే. మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం ఆగిపోయాక కుట్టు మిషను ముందు కూర్చున్న మనిషి. నేను పెళ్ళై కుండల్‌వాడి నుంచి నాందేడ్ వచ్చిన మూడో ఏడు ఆమె దగ్గర పనిలో చేరాను. సన్నగా, పొడుగ్గా, మెడలో ఎప్పుడూ టేపుతో ఉండేది. గిరాకీతో మరాఠీ, బట్టల సేటుతో హిందీ, నాతోనూ మిషనుతోనూ తెలుగు మాట్లాడేది. మిషను మొరాయించిన రోజున దాన్ని తిట్టే తిట్లు నా మీద పడకుండా కాస్త దూరంగా కూర్చునేదాన్ని.

చేరిన రోజున నా చేతిలో ఆరేళ్ళ పిల్లవాడికి కుట్టిన రాజు అంగీ పెట్టి, "ఇండ్ల తప్పేందో చెప్పు" అంది. కుట్టు తిన్నగా ఉంది, జరీ సమంగా ఉంది. తప్పేమీ లేదన్నాను. ఆమె అంగీని తిరగేసి నా చెంపకు రాసింది. జరీ కొసలు చుర్రుమన్నాయి.

"పోరగానికి గిట్ల గుచ్చుకుంటే డైలాగు చెప్తడా, గోక్కుంటడా?"

తర్వాత కళ్ళు మూసుకుని, ఒక్క ఎడమ చేత్తో అంగీ గుండీలన్నీ విప్పి చూపించింది. "ఇంకో మాట. ఆని బట్ట ఆడే ఇప్పుకోవాలె. బడిల పరదా ఎన్క చీకటుంటది, టీచరు యాడుంటదో తెల్వది. నువ్వు పోతవా ఇప్పనీకి?"

ఆ పరీక్షకు నిలవని వేషం ఏదీ గడప దాటేది కాదు. తన విషయంలోనూ అంతే పట్టుదల. ఒకసారి సూది వేలిలో దిగి చేయంతా వాచిపోయింది. జాకెట్టు మార్చుకోవడానికి సాయం వస్తానంటే కళ్ళెర్రజేసింది. "బుద్ధి తెల్సినప్పటి సంది నా రైక మీద ఇంకొకల చెయ్యి పడలె. పడొద్దు కూడ" అంది. నేను నవ్వాను కానీ ఆమె నవ్వలేదు.

సూపర్‌హీరోలను ఆ దుకాణంలోకి తెచ్చింది నేనే. హిందీలో మాట్లాడించి వదిలే ఆ ఇంగ్లీషు సినిమాలు నాకు మొదటి రోజే చూడాలి. తెర మీద వీరుడు లేచి నిలబడితే హాలంతా ఈలలు వేసేది, ఆ ఈలల్లో నాదీ ఒకటి. కొత్త వేషాలు చూసి కుట్టుకోవచ్చని ఆశపెట్టి ఒక ఆదివారం మ్యాట్నీకి గంగామణక్కను కూడా లాక్కుపోయాను. పది నిమిషాలు కాగానే నా చెవి దగ్గరికి వంగింది.

"సుజాతా, గాయనకు గుండీలు యాడున్నయే?"

"ఉండవక్కా. ఒళ్ళంతా ఒకటే బట్ట."

"మరి ఒంటికొస్తే ఎట్ల?"

ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. నేను సిగ్గుతో కుర్చీలో కుంగిపోయాను. ఆమె మాత్రం నిజంగానే అడిగింది, జవాబు కోసం చూసింది. వీపు మీద వేలాడే గుడ్డ చూసి "మొగోనికి కొంగెందుకు" అంది. తెర మీద ఊరు కూలుతుంటే హాయిగా నిద్రపోయింది. సినిమా అయిపోయి పేర్లు పడుతున్నా జనం లేవలేదు. ఆమె లేచి చుట్టూ చూసింది.

"ముచ్చట ఒడిసింది గద, ఇంకేంది కూసున్నరు?"

"తర్వాత వచ్చే సినిమా ముక్క చూపిస్తరక్కా."

"అంటే ఒడ్వలేదన్నట్టు" అని కాళ్ళతో చెప్పులు వెతుక్కుంది.

అయినా నా మాట కాదనలేదు. ఆ ఏడు ఆరు సూట్లు కుట్టాం, మరుసటి ఏడు ఇరవై. కిన్వట్ పక్కన గోకుంద నుంచి, ధర్మాబాద్ నుంచి టీచర్లు బస్సెక్కి వచ్చి తీసుకుపోయేవారు. పిల్లలకు ఎంత పట్టింపంటే, "ఇది రెండో భాగంలో బెల్టు, మూడో భాగంలో బెల్టు వేరే ఉంది" అని వెనక్కిచ్చేసేవారు. భాగం మారినప్పుడల్లా మేం బెల్టులు మార్చేవాళ్ళం. గంగామణక్క ప్రతి సూటుకూ నడుం దగ్గర ముందువైపు తెరుచుకునేలా గుండీలు పెట్టేది, పక్కన చిన్న జేబు కుట్టేది. సినిమాలో అలా లేదని నేను పోట్లాడేదాన్ని. "లోకాన్ని కాపాడెటోనికి ముక్కు కారదా? చేతిరుమాలు యాడ పెట్టుకుంటడు?" అనేది.

ఆ పోట్లాటలోనే నా వల్ల తప్పు జరిగింది. ఒక ఏడు ఆమె ఊరికి పోయినప్పుడు, అచ్చం తెర మీద ఉన్నట్టే ఒక సూటు కుట్టాను. లోపల స్పంజి కండలు, వీపు మీద జిప్పు. గుండీలూ లేవు, జేబూ లేదు. చూసుకుని మురిసిపోయాను. మా గల్లీ చివర ఉండే తెలుగువాళ్ళ అబ్బాయి, ఏడేళ్ళ ఓంకార్, దాన్ని తొడుక్కుని గ్యాదరింగుకు వెళ్ళాడు. వాడి వంతు రావడానికి రెండు గంటలు పట్టింది. జిప్పు వాడి చేతికి అందలేదు, అడగడానికి ఎవరూ దొరకలేదు. చివరికి స్టేజీ మీద, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డ వీరుడి కాళ్ళ కింద తడి కనబడింది. హాలంతా నవ్వింది.

వాళ్ళమ్మ సూటు ఉతికి, మడిచి తెచ్చింది. "ఆడు బడికి పోనంటుండు వదినా" అని మాత్రం అంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పటికి ఊరి నుంచి వచ్చిన గంగామణక్క సాయంత్రం సూటు చంకలో పెట్టుకుని, "నడు" అని నన్ను వాళ్ళింటికి తీసుకుపోయింది. వాడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె కింద కూర్చుని, బ్లేడు తీసి, నేను అంత ముచ్చటపడి వేసిన జిప్పును వాడు వినేలా పరపరా కోసేసింది. వాడు ఇటు తిరిగాడు.

"తప్పు చేసింది నువ్వు కాదు బిడ్డా. ఈమె." నన్ను చూపించింది. "యాడ తెరిస్తే నీకు మంచిగుంటది, చెప్పు."

వాడు లేచి కూర్చున్నాడు. తర్వాత నడుం ముందు వేలు పెట్టి చూపించాడు. "నా బూట్లకున్నట్టు పెట్టుండ్రి. చర్రుమనేది."

వెల్క్రో మా దుకాణంలోకి అలా వచ్చింది. మర్నాడు ఆ సూటును వాడే మూడుసార్లు తొడుక్కుని విప్పి, బాగుందన్నాడు. సోమవారం సంచీ తగిలించుకుని బడికి పోతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. గుండెల మీది బరువు కాస్త దిగింది, పూర్తిగా మాత్రం ఇప్పటికీ దిగలేదు. ఆ నెలలోనే మా దగ్గరున్న సూట్లన్నిటికీ గుండీలు తీసి పట్టీలు వేశాం.

తర్వాత ఏళ్ళలో సినిమాలు పెరిగాయి, ఈలలు తగ్గాయి. ఏ రోజున విసుగు మొదలైందో నేను చెప్పలేను. చచ్చిపోయిన వీరుడు తర్వాతి సినిమాలో తిరిగి వస్తాడని తెలిశాక ఏడవడం మానేశాం. అదే కథను కొత్త మొహంతో మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఈ సినిమా అర్థం కావాలంటే ఇంకో నాలుగు చూడాలన్నారు. బొమ్మల పుస్తకంలో మిగిలిన ప్రతి చిన్నవాడికీ ఒక సినిమా తీశారు. నేను అలవాటుకొద్దీ వెళ్ళేదాన్ని, పేర్లు పడుతుంటే కూర్చునేదాన్ని, ఇంకా ఒడ్వలేదన్నమాట అనుకుంటూ బయటికి వచ్చేదాన్ని. పిల్లలు బెల్టు సంగతి అడగడం మానేశారు. ఏ భాగమైనా ఫరవాలేదన్నారు, ఆ తర్వాత అసలు వద్దన్నారు. ఒక డిసెంబరులో నలభై సూట్లు తాడు మీద వేలాడితే మూడే బయటికి పోయాయి.

ఆ డిసెంబరులోనే గంగామణక్కకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక తొమ్మిది రోజులు స్నానం చేయలేదు. కోడలు మంచిది, రోజూ నీళ్ళు కాచి పిలిచేది. "రేపు" అనేది ఈమె. నైటీ తెస్తే విసిరేసింది. రైక హుక్కులు ఒంటి చేత్తో రావు, ఇంకొకరిని ముట్టనివ్వదు. అద్దెకు పోయి వచ్చిన ప్రతి వేషాన్నీ వాసన చూసి ఉతికించిన మనిషి, తన ఒంటి వాసన తనకే తెలుస్తూ గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్ళేసరికి ఎడమ చేయి హుక్కుల మీద తడుముతోంది. నన్ను చూసి చేయి దించేసింది. నాకు ఓంకార్ పడుకున్న మంచం గుర్తొచ్చింది.

"నేను తీస్తనక్కా" అన్నాను.

"పో. దుకాణం చూస్కోపో" అంది.

దుకాణానికి వచ్చి కొత్త వెల్క్రో పట్టీతో ఒక రైక కుట్టాను. నేను తొడుక్కుని ఎడమ చేత్తో లాగితే రాలేదు. కొత్త పట్టీ మొండిగా పట్టుకుంటుంది. ఏం చేయాలో తోచక తల ఎత్తితే తాడు మీద ఆ వీరులు వేలాడుతున్నారు. ఒకడి నడుం దగ్గర పట్టీ లాగాను. ఒక్క వేలికే వచ్చేసింది. ఇన్నేళ్ళూ పిల్లలు తొడిగి, విప్పి, తొడిగి, దాన్ని మెత్తబరిచారు. ఆ మధ్యాహ్నం కూర్చుని, తర్వాతి రైకలకు కూడా పనికొస్తాయని, ఒక్కటి తప్ప సూట్లన్నిటి పట్టీలూ పీకాను. పైకి మామూలు రైకలా ఉండాలని పాత హుక్కులు ఉత్తుత్తిగా పైన కుట్టేశాను.

రైక ఆమె ఒడిలో పెట్టాను. ఎడమ చేత్తో తిరగేసి చెంపకు రాసుకుంది.

"గరుకు పక్క ఒంటికి తాకుతుంది సుజాతా. ఇన్నేండ్ల సంది ఏం నేర్చుకున్నవ్? తిప్పి కుట్టు."

అక్కడే ఆమె పాత మిషను మీద తిప్పి కుట్టాను. "కత్తెర ఇయ్యి" అంది. కత్తెరా, కొత్త రైకా తీసుకుని, గోడ పట్టుకుంటూ స్నానాల గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. కోడలూ నేనూ బయట నిలబడ్డాం. పాత రైక కత్తిరించడానికి చాలాసేపు పట్టింది. ఒకసారి చెంబు జారిపడితే కోడలు తలుపు మీద చేయి వేసింది, నేను ఆ చేయి పట్టుకున్నాను. నీళ్ళ చప్పుడు వచ్చింది. తర్వాత కాసేపు ఏమీ వినబడలేదు. ఆ తర్వాత చర్రుమంది. మళ్ళీ చర్రుమంది. మూడోసారి కూడా. విప్పి చూసుకుంటోంది.

ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. చివరి రోజు దాకా ఆమె రైక మీద ఇంకొకరి చేయి పడలేదు. పోయాక స్నానం చేయించి బట్ట మార్చింది నేనే. అప్పుడు కూడా ఆ పట్టీ ఒక్క వేలికే వచ్చింది.

పట్టీ మిగిలిన ఆ ఒక్క సూటునే ఈ రోజు ఒకావిడ అడిగింది. సెలవుల్లో ఇంకో సినిమా వస్తోందట. ఆ వీరుడి పేరు చెప్పింది కానీ నాకు గుర్తుండలేదు. వెంట వచ్చిన అయిదేళ్ళ పాప తొడుక్కుని, అద్దంలో చూసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుంది. బాగుంది, మడిచి ఇచ్చేయండి, బస్సుకు టైమైందని తల్లి తొందరపడింది. నేను కదల్లేదు.

"నువ్వే ఇప్పుకో బిడ్డా" అన్నాను. "మేం చూస్తలేము." తల్లిని కూడా అటు తిప్పి, వీధి వైపు చూస్తూ నిలబడ్డాను.