వీపుల వరస

మా క్యాంపులో శుక్రవారం స్నానం ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వనీ. చూసినవాణ్ణి, రాయక తప్పదు.

సౌదీలో అల్ ఖోబర్ బయట, చుట్టూ ఎత్తు గోడలున్న పాత క్యాంపు అది. లోపలి పెరట్లో నీళ్ళ కోసం సిమెంటు హౌజు. దాని పక్కనే పనికిరాదని ఎవరో పడేసిపోయిన పొడుగాటి ఇనుప గొట్టం. శుక్రవారం పొద్దున, ఎండకు గొట్టం కాలకముందే, గోచీలతోనో చడ్డీలతోనో దాని మీద ఒకరి వెనక ఒకరం కూర్చునేవాళ్ళం. అందరికీ కలిపి ఒకటే సబ్బు, ఒకటే బీరపీచు. చివరివాడు తన ముందువాడి వీపు రుద్ది పీచు అతని చేతికిస్తాడు. అతను తన ముందువాడిది రుద్దుతాడు. పీచు ఆ కొసకు చేరాక అందరం వెనక్కి తిరిగి కూర్చుంటాం, అది వచ్చిన దారినే మళ్ళీ పోతుంది. హైదరాబాదు డ్రైవరు ఒకాయన మాత్రం లుంగీ విప్పేవాడు కాదు, బొడ్డు నుంచి మోకాళ్ళ దాకా కప్పుకోవాలని వాళ్ళ మతంలో నియమం. తడి లుంగీతోనే వరసలో కూర్చునేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మా ఊళ్ళో మాది ఊరవతలి వాడ. మాకు బావి వేరు, హోటల్లో గ్లాసు వేరు. ఇక్కడికి వచ్చిన మొదటి శుక్రవారం అలవాటు కొద్దీ దూరంగా నిలబడ్డాను. మా జిల్లా పటేలు కొడుకు ఒకాయన గొట్టం మీది నుంచే కేకేశాడు. "గాడ నిలవడ్డవేందిరా? పీచు ఎండుతున్నది, వచ్చి కూసో!" పోయి ఆయన ముందు కూర్చున్నాను. నేనెవరో ఆయనకు తెలుసు. తెలిసే రుద్దాడు. నేను బడి మొహం చూడలేదు. సామాన్లు చుట్టి వచ్చిన తెలుగు పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. సమానత్వం అన్న మాట ఓ పేపరు ముక్కలో కనబడ్డప్పుడు దాని అర్థం ఎవర్నీ అడగలేదు. నా వీపుకు తెలుసు.

పక్కనే ధహ్రాన్‌లో తెల్లవాళ్ళుండే ఓ కాంపౌండు ఇళ్ళకు ఏసీలు బాగుచేసే పని నాది. అక్కడ ఐరోపా నుంచి వచ్చిన ముసలి ఇంజనీరు ఒకాయన పని అయ్యాక కూర్చోబెట్టి చాయ్ పోసేవాడు. ఓసారి మా హౌజు సంగతి చెబితే సంబరపడిపోయాడు. వాళ్ళ దేశంలో చెరువు గట్టున వాళ్ళకో సంఘం ఉందట. ఆడా మగా పిల్లాజెల్లా ఒంటి మీద నూలుపోగు లేకుండా ఈదుతారట, అక్కడే వండుకు తింటారట. బట్టలుంటే కదా ముదీరెవడో, అంటే మేనేజరెవడో, కూలీ ఎవడో తెలిసేది అన్నాడు. ఆడవాళ్ళ మాట వినగానే నాకు సిగ్గుతో తల వంగిపోయింది. కానీ ఆయన చివరన అన్న మాట మాదే అనిపించింది. చాలా రోజులు ఆ ముసలాయన్ని మా వరసలో మనిషిగానే అనుకున్నాను.

కొన్నేళ్ళ కిందట ఖఫ్జీ నుంచి మా క్యాంపుకు ఓ టైల్స్ మేస్త్రీ బదిలీ మీద వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. చేతుల మీద, ఛాతీ మీద, వీపంతా బొల్లి మచ్చలు. అక్కడ అందరూ పోసుకున్నాక ఆఖర్న ఒక్కడే పోసుకునేవాడట.

"వీపు నడుమ నాకు అందది కాకా," అన్నాడు నాతో. "సిమెంటు దుబ్బకు చెమటకాయలు పుండ్లైనయ్. మీకాడ వరస ఉంటదట గదా?"

"ఉంటది. రా," అన్నాను.

వచ్చాడు. వస్తూ వస్తూ ఓ ప్లాస్టిక్ కవర్లో తన కోసం వేరే బీరపీచు తెచ్చుకున్నాడు. మంచికే తెచ్చాడు, కొంప మునిగింది దానితోనే. అతను గొట్టం మీద కూర్చోగానే ముందున్న ప్లంబరు పిల్లగాడు చటుక్కున లేచాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి. గీ వేరే పీచు ఏంది?"

"మీకు ఇబ్బంది కావద్దని తెచ్చుకున్న తమ్మీ," అన్నాడు మేస్త్రీ.

"సూషిండ్రా! అంటుకుంటదని ఆయనకే ఎరుకున్నది!"

ఇంకెవడో వెనక నుంచి అందుకున్నాడు. "మేస్త్రీ బావా, నువ్వు తెల్లగైతున్నవ్ గని మా నల్లతోలు మాకు ముద్దు!" అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వబోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "అది అంటుకునే రోగం కాదురా సన్నాసుల్లారా!" అని అరిచి, అందరి పీచు లాక్కుని అతని వీపు రుద్దాను. రుద్ది ముందుకు చాచాను. పుచ్చుకునేందుకు ఒక్క చెయ్యి రాలేదు. లేచి నిలబడ్డ ఆ ప్లంబరుదీ మాలాగే ఊరవతలి వాడే.

"నీ వీపు మీద ఇన్నొద్దులు ఎవరెవరు చెయ్యేసిండ్రో యాదికున్నదా?" అని అడిగాను.

"అది కులం కాకా, ఇది రోగం. రెండు ఒకటెట్లైతయ్?" అన్నాడు.

అంత సూటిగా అడిగాడు. జవాబు నా దగ్గరుంది, వాడికి వినే చెవి లేదు.

డ్రైవరూ నేనూ మేస్త్రీని ఖోబర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన చూసి, ముట్టుకుని, ఇది ఎవరికీ అంటదన్నాడు. డ్రైవరు ఆ మాటే మెస్సులో గట్టిగా చెప్పాడు. "అరే భాయ్, ఖుద్ డాక్టర్ సాబే చెయ్యి పెట్టి సూషిండు. ఏం కాదు." అందరూ తలలూపారు, అన్నం కలుపుకున్నారు. మరుసటి శుక్రవారం గొట్టం మీద మేస్త్రీ, నేను, డ్రైవరు, అంతే. మిగతావాళ్ళు తెల్లారకముందే పోసుకున్నామన్నారు. ఫోన్ల కాలంలో ఈ గోచీలేంది, ఎవడన్నా వీడియో తీస్తే పరువు పోతుందని కొత్త పిల్లలు అన్నారు. వాళ్ళకు అడ్డమొచ్చింది వీడియో కాదని నాకు తెలుసు, మేస్త్రీకీ తెలుసు.

ఇంజనీరు అప్పటికి స్వదేశానికి పోయేందుకు సామాన్లు సర్దుకుంటున్నాడు. మీ దగ్గరికి ఇట్లాంటి మనిషి వస్తే ఏం చేస్తారని అడిగాను. అందరికీ స్వాగతం అని మా నియమాల్లో రాసుంది అన్నాడు. ఓ వేసవి, జబ్బు చేసి రొమ్ము తీసేసిన ఒకామె వచ్చిందట. ఎవరూ ఏమీ అనలేదట. ఆమె తుండు పరుచుకున్న చోట పక్కన ఎవరూ పరుచుకోలేదట. మరుసటి వేసవి ఆమె రాలేదు. మగవాడిగా పుట్టి ఆడదానిగా మారిన మనిషిని చేర్చుకోవాలా వద్దా అని ఇప్పుడు సంఘంలో తగాదా అట, వయసు పిల్లలు అసలు రావడమే మానేశారట.

"మరి బట్టలు విప్పి మీరు సాధించింది ఏంది?" అన్నాను. కోపంలో తెలుగులోనే అన్నాను. అర్థమైనట్టే ఉంది, ఇంకో కప్పు చాయ్ పోశాడు. నేను తాగలేదు.

ఈలోపు ఎవరో మా క్యాంపు ముదీరుకు ఫిర్యాదు చేశారు. ఆయన మంచివాడే, ఎవరి మనసూ నొప్పించలేదు. హౌజు పగలగొట్టించి, గొట్టం కోయించి, రేకుల గదులు కట్టించాడు. మనిషికో గది, షవరు, లోపల గడియ. ఇప్పుడు ఎవర్నీ వేరు పెట్టినట్టు కాదని చెప్పాడు. క్యాంపంతా మెచ్చుకుంది. మా డ్రైవరు కూడా, నీళ్ళు బాగా వస్తున్నాయి అన్నాడు.

ఆ శుక్రవారం మేస్త్రీ గది తలుపు తట్టాను. "గడియ తియ్యి, వీపు రుద్దుత."

"వద్దు కాకా," అన్నాడు లోపలి నుంచి.

"పుండ్లు మానినయా?"

"మానలె. ఒక్క గదిల ఇద్దరు మొగోళ్ళు జొర్రితె సూషినోళ్ళు ఏమనుకుంటరు? నా ఇకామా పోతది, నీది పోతది, దేశం నుంచే ఎల్లగొడ్తరు. పో కాకా, పోసుకో పో."

ఏమని వాదించను? అతను చెప్పింది నిజం. పక్క గదిలోకి పోయి నేనూ గడియ పెట్టుకున్నాను. షవరు విప్పబోతుంటే మధ్యలో ఉన్న రేకు కదలడం మొదలైంది. అవతల అతను రేకుకు వీపు ఆనించి రాసుకుంటున్నాడు. అది ఆగేదాకా నీళ్ళు విప్పకుండా నిలబడ్డాను.