తెరచాప స్తంభం మీద రాజయ్య

నడిసముద్రంలో తుఫాను రేగినప్పుడు ఓడ మీద ముప్పై మంది నావికులకు హుకుంలు ఇచ్చినవాణ్ణి నేను. ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యాను గానీ, చెప్పుకోదగ్గ డ్యూటీ ఇదే.

తెల్లవారకముందే రిపోర్టు చేశాం. చలిగాలి. కాళ్ల కింద బురద. ఇచ్చిన కిట్టు: ముతక పంచె, తలగుడ్డ, చెక్క కత్తి. చెప్పులు లేవు. పాతకాలపు ఓడ ఒడ్డుకు కట్టేసి ఉంది. దాని పక్కనే టిఫిన్ల బండి.

సరే, ఒప్పుకుంటాను. అది సముద్రం కాదు, మా సిద్దిపేట పక్క రిజర్వాయరు. ఓడ సినిమావాళ్లు డ్రమ్ముల మీద కట్టిన సెట్టింగు. తుఫానంటే రెండు నీళ్ల ట్యాంకర్లు, నాలుగు పెద్ద ఫ్యాన్లు. ఓడల మీద పదేళ్లు పనిచేశానని చెప్పి సలహాదారుగా చేరాను; నావికుడి వేషం కూడా కట్టించారు. నిజానికి అండమాన్ పోస్టింగుకు పోతూ ఒక్కసారే ఓడెక్కాను. దారి పొడుగునా కింది అరలో బకెట్టు పట్టుకుని పడుకున్నాను.

వెనకటి నావికులు తెరచాప స్తంభం ఎలా ఎక్కేవారని అసిస్టెంట్ డైరెక్టర్ అడిగాడు. వానలోనే ఎక్కేవారన్నాను. పడకుండా నడుముకు ఇనుప తీగ కడితే జనం నవ్వుతారన్నాను. హీరోకు బదులు ఎక్కడానికి మిరుదొడ్డి నుంచి కల్లు గీసే రాజయ్యను పిలిపించింది కూడా నేనే. తాటిచెట్లెక్కే మోకుతాడు భుజాన వేసుకుని వచ్చాడు. స్తంభాన్ని అరచేత్తో తడిమాడు. రంగు వేసిన ఇనుప గొట్టం.

"తాటిచెట్టుకు గరుకుంటది కాకా. గిది నున్నగున్నది."

"రోజూ ఎక్కెటోనివి, నీకు గిదొక లెక్కనా?" అన్నాను.

అతను సగం ఎక్కాక వాన మొదలుపెట్టారు. మోకు జానెడు జారింది. ఆగింది. మళ్లీ జానెడు. రాజయ్య స్తంభాన్ని కరుచుకున్నాడు. కింద ఉత్త చెక్కలు.

వాకీటాకీలో డైరెక్టర్ గొంతు: "భయం బాగా పండుతోంది. వాన ఆపొద్దు."

ఆపమంటే ఎందుకంటారు. వాన కావాలన్నది నేనే. రాజయ్య మరో జానెడు జారాడు. అప్పుడు అరిచాను. ఆపండి, ఓడల సంగతి నాకు తెలియదు, చెప్పిందంతా అబద్ధం అని గొంతు చించుకున్నాను. వాన ఆగింది. రాజయ్య దిగాడు. ఛాతీ నిండా గీరుకుపోయి నెత్తురు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్యాదస్తులనుకున్నాను.

సినిమా సిద్దిపేటకు వచ్చినప్పుడు రాజయ్యనూ నా భార్యనూ తీసుకుని వెళ్లాను. తెర మీద నావికులు పాడుతున్నారు, పండ్లు తింటున్నారు, ఒక్కడూ కక్కుకోవడం లేదు. స్తంభం సీను వచ్చింది. మొహం హీరోది. గొట్టాన్ని పట్టి వేళ్లు ముడుచుకున్న ఆ తడి పాదాలు మాత్రం రాజయ్యవి. కళ్లు మూస్తే ఇప్పటికీ అవే పాదాలు.

ఆ రోజు పరువు పోయినా ప్రాణం నిలబెట్టానని నా భార్య చెవిలో చెప్పాను. నాకు ఇవతలి సీట్లో ఉన్న రాజయ్యకు అది వినబడింది. తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు:

"నువ్వు నోరు తెరిచింది కనవడ్డది కాకా. ఫ్యాన్ల మోతల ఒక్క ముక్క ఎవ్వలికి ఇనవడలే. ట్యాంకర్ల నీళ్లు ఒడిసినయ్, గందుకే ఆగింది వాన."