ఏసుమణి పాడుకున్న మోటారు

పాడైన మోటారు ఏది చేతికొచ్చినా గాబ్రియేలు ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. మాడిన వార్నిష్ వాసన వస్తే వైండింగ్ పోయినట్టు. రాకపోతే బేరింగో, కార్బన్ బ్రష్షులో. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో, రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా ఆయన చేస్తున్న పని ఇదే. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి బోరు మోటారు కాలినా ఆటోలో వేసుకుని ఇక్కడికే రావాలి. పని మంచిదే గానీ, తిట్టకుండా చేయడు. "కరెంటు సరిగ్గా లేనప్పుడు ఆడించొద్దని ఎన్నిసార్లు చెప్పల్లప్పా నీకు" అని మొదలుపెట్టాడంటే తీగ చుట్టడం అయ్యేదాకా నోరు ఆగదు.

ఆరేళ్ల కిందట సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరు కేశవ కోడిగుడ్డంత మోటారు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. రిమోటుతో పరుగెత్తే పందెం కారుదట. నలభై దాటిన మనిషి బొమ్మకారు పట్టుకు తిరగడమేమిటని గాబ్రియేలు లోపల నవ్వుకున్నాడు. నవ్వుకుంటూనే విప్పాడు. మిక్సీ మోటారులో ఉండేవన్నీ ఆ పిసరంత దాంట్లోనూ ఉన్నాయి. సాయంత్రానికి అది తిరిగింది, ఆయనకు పిచ్చి పట్టింది. మూడేళ్లకు కేశవ బదిలీ మీద పోతూ, "నాకంటే నువ్వే దీన్ని బాగా చూసుకుంటావు" అని కారును ఆయన చేతిలో పెట్టి పోయాడు.

చూసుకోవడమంటే అలా ఇలా కాదు. కారు మూరెడు పొడవుంటుంది. దాన్ని సరిచేయడానికి నున్నగా పాలిష్ పట్టిన కడప బండ ఒకటి తెచ్చి, రసమట్టం పెట్టి, నాలుగు మూలలా సమంగా నిలబెట్టుకున్నాడు. ఆ బండ మీద కారు పెట్టి చక్రాలు ఎంత లోపలికి వాలాయో, పొట్ట నేలకు ఎంత ఎత్తున ఉందో కొలుస్తాడు. స్ప్రింగు గొట్టాల్లో నూనె మారుస్తాడు. ఎండాకాలం చిక్కటిది, చలికాలం పల్చటిది. మోటారు పళ్లచక్రానికీ పక్క చక్రానికీ మధ్య కాలెండరు కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత కాగితం లాగేస్తాడు. ఆ సందు అంతే ఉండాలి. తగ్గితే మోటారు వేడెక్కుతుంది, పెరిగితే పళ్లు అరుగుతాయి. పరుగెత్తించిన ప్రతిసారీ పాత పళ్లబ్రష్షుతో సందుసందునా దుమ్ము దులుపుతాడు. మా వైపు నాపరాయి దుమ్ము పిండిలా ఉంటుంది, చొరబడని చోటు లేదు.

"నన్ను ఒక్కనాడన్నా ఇంత బాగ చూసుకుంటివా" అంటుంది భార్య కృపమణి. కారు పందేనికి పోతుంటే మాత్రం అన్నం మూట కట్టుకుని అందరికంటే ముందు బయల్దేరేది ఆమే.

గండికోట దారిలో మైదానం ఒకటుంది. కడప, ప్రొద్దుటూరు, కర్నూలు నుంచి కుర్రకారూ పెద్దవాళ్లూ ఖరీదైన కార్లు తెచ్చుకుని ఏడాదికి మూడు నాలుగుసార్లు అక్కడ పందేలు పెట్టుకుంటారు. గాబ్రియేలు రెండేళ్లు పోటీపడ్డాడు, ఒక్కసారీ గెలవలేదు. కిందటేడు పట్టుదల వచ్చి, మోటారు లోపలి తీగంతా ఊడదీసి తనే కొత్తగా చుట్టాడు. లావు తీగ, తక్కువ చుట్లు. పదకొండుసార్లు చుట్టి పదకొండుసార్లు విప్పాడు. పన్నెండోసారి అది పలికిన పలుకు విని, షెడ్డులో ఒక్కడే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. పందెం ముందు ఆదివారం చర్చిలో మోకరించి, "ప్రభువా, ఈసారి గెలిస్తే కోత పండుగకు ఈ కారు నీకే" అన్నాడు.

గెలిచాడు. ఆ మొక్కు విన్న పాస్టరు యేసుప్రసాద్ ఆ సంగతీ, మొక్కుబడి సంగతీ కలిపి ఆదివారం అందరికీ చెప్పేశాడు. ఇక వెనక్కి పోయే దారి లేదు.

కోత పండుగంటే ఆ చర్చిలో పెద్ద సంబరం. ఎవరికి పండింది వాళ్లు తెస్తారు. శనక్కాయలు, కొర్రలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ప్రార్థనయ్యాక అన్నిటినీ ఆవరణలో వేలం వేస్తారు, వచ్చింది చర్చికి పోతుంది. పాడుకున్నవాళ్లు ఒక్కోసారి ప్రేమ కొద్దీ ఆ వస్తువును తెచ్చినవాళ్ల చేతిలోనే మళ్లీ పెడతారు. దానికి అందరూ చప్పట్లు కొడతారు.

పండుగ ముందు శనివారం మధ్యాహ్నం గాబ్రియేలు కారును కడప బండ మీద పెట్టి తుడిచాడు. తుడిచి, రెండు స్క్రూలు విప్పాడు. తను చుట్టిన మోటారు బయటికి తీసి, అటక మీద పడి ఉన్న పాత మోటారు ఒకటి దాని స్థానంలో బిగించాడు. కాగితం పెట్టి సందు కూడా సరిగ్గా చూశాడు. దొంగపనిలోనూ పనితనం పోలేదు. మొక్కింది కారును గానీ మోటారును కాదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఏ వకీలూ అంతకంటే బాగా వాదించలేడు. బైబిల్లో, దేవునికంతా ఇచ్చేశామని చెప్పి కొంత దాచుకున్న మొగుడూ పెళ్లాల కథ ఆయనకు తెలియక కాదు. చిన్నప్పుడు సండేస్కూలు నాటకంలో ఆ మొగుడి వేషం వేసి, దబ్బున పడి చచ్చి, చప్పట్లు కొట్టించుకున్నవాడు. అయినా మోటారును జేబురుమాలలో చుట్టి కార్బన్ల డబ్బాలో దాచాడు.

వేలంలో కారును చూసి అందరూ నవ్వుతుంటే ఏసుమణి పాట మొదలుపెట్టింది. అరవై దాటిన మనిషి, భర్త లేడు, బోరు కింద రెండెకరాలు. ఆ బోరు మోటారు మూడుసార్లు కాలితే మూడుసార్లూ తిట్టి బాగుచేసిపెట్టాడు గాబ్రియేలు. ఎవరో సరదాకు పాట పెంచబోతే ఆమె తగ్గలేదు. మొదటి కోత శనక్కాయల మీద వచ్చిన డబ్బులో సగం దాకా పాడి దక్కించుకుంది. దక్కించుకుని, రెండు చేతులతో ఎత్తుకుని, తిన్నగా వచ్చి గాబ్రియేలు చేతుల్లో పెట్టింది.

"నీ పిచ్చి నాకు తెలీదా అబ్బీ. పెట్టుకో. పరిగెత్తించు, నేనొచ్చి సూస్తా."

అందరూ చప్పట్లు కొట్టారు. గాబ్రియేలుకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు కారూ ఆయన దగ్గరే ఉంది, మోటారూ ఆయన దగ్గరే ఉంది. రెండు స్క్రూలు విప్పి బిగిస్తే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియదు కాబట్టే చెయ్యి రాలేదు. బిగించడానికి కూర్చోవడం, ఆమె చప్పట్ల మధ్య నడిచొచ్చింది గుర్తుకు రావడం, లేచిపోవడం. చివరికి తనకు తనే శిక్ష వేసుకున్నాడు, ఇకమీదట పాత మోటారుతోనే పందెమాడాలని. చేసిన తప్పు నోరు విప్పి చెప్పడం కంటే అదే తేలిక. ఆ శిక్ష ఇంకొకరి మీద పడుతుందని ఆయన అనుకోలేదు.

జనవరి పందేనికి ఏసుమణి ఉడకబెట్టిన శనక్కాయలు సంచినిండా తెచ్చుకుని, ముందు వరసలో కూర్చుంది. కారు మొదటి మలుపులోనే వెనకబడింది. అన్నిటి దుమ్మూ తిని, అన్నిటికంటే చివర వచ్చింది. కృపమణికి ఉక్రోషం ఆగలేదు.

"బాగుండిన బండి. ఎవురి చెయ్యి పడిందో ఏమో" అంది, నలుగురూ వినేలా.

పేరు చెప్పలేదు. చెప్పే పనీ లేదు. ఏసుమణి శనక్కాయలు వలవడం ఆపి, తన అరచేతుల వైపు చూసుకుంది. గాబ్రియేలు రెండడుగుల దూరంలో కారు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. కారు మీద దుమ్ము ఊదుతూ నిలబడ్డాడు. మోటారు దాచినదాని కంటే ఇది పెద్ద తప్పని ఆయనకు అప్పుడే తెలుసు.

పదిరోజులకు, చర్చిలో పాటలు పాడే దీవెన వాళ్ల చేలో బోరులోకి మోటారు దింపడానికి పోయాడు. ఆ పొద్దే శనక్కాయ విత్తనం వేస్తున్నారు. ఏసుమణి చెయ్యి మంచిదని పేరు. ఆ పల్లెలో క్రైస్తవుల ఇళ్లలో తొలి గుప్పెడు విత్తనం ఆమె వేయాల్సిందే. భర్త పోయాక కూడా వాళ్లు ఆ వాడుక మానలేదు. దీవెన విత్తనాల బుట్ట ఆమె ముందు పెట్టింది. ఏసుమణి చేతులు కొంగులో దాచుకుంది.

"నా చెయ్యి వొద్దులేమ్మా. గాబ్రేలు బండి ఏమయిందో సూసినావు గదా. ఇంగెవురితోనన్నా ఏపిచ్చుకో."

దీవెన ఎంత బతిమాలినా వినలేదు. గట్టు మీద కూర్చుండిపోయింది. బోరు దగ్గర గాబ్రియేలు చేతిలోని పానా జారి కాలి మీద పడింది. అయ్యో, ఎంత పని చేశాను అనుకున్నాడు. ఏ పొలానికైనా తొలి విత్తనమేసే చెయ్యి అది. దాన్ని తన పిరికితనం కింద పాతిపెట్టాడు.

పని ముగించి నేరుగా షెడ్డుకు పోయి, జేబురుమాల మూట తీసుకుని, ఏసుమణి ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో చేటలో కొర్రలు చెరుగుతోంది.

"పెద్దమ్మా, నీ చెయ్యి కాదు" అన్నాడు, కూర్చోకుండానే. మూట విప్పి చూపించాడు. కోత పండుగ ముందు శనివారం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఆమె చేట పక్కన పెట్టి విన్నది.

"అయితే నా చెయ్యి కాదు?"

"కాదు పెద్దమ్మా."

"బండి ఓడిపోయిన పొద్దే నీకు తెల్సు."

"తెల్సు."

"నీ పెండ్లాం ఆ మాటంటే వింటివి."

"వింటి."

ఆమె చేట మళ్లీ తీసుకుని కొర్రలు చెరగడం మొదలుపెట్టింది. తిడితే బాగుండుననిపించింది గాబ్రియేలుకు. అందరినీ తిట్టే మనిషికి తిట్లు తినాలని ఉండటం అదే మొదలు.

"దేవునికాడ ఏం దాపెట్టుకుంటివో అది మీ ఇద్దరి యవ్వారం, నాకొద్దు" అంది చివరికి. "నా చెయ్యిని మాత్రం పదిమందిలో అనిరి. నువ్వు పదిమందిలోనే చెప్పల్ల."

ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయంలో గాబ్రియేలు లేచి నిలబడ్డాడు. దేవుడు తమకు చేసిన మేళ్లు చెప్పడానికి అందరూ లేస్తారు. ఈయన తను చేసింది చెప్పడానికి లేచాడు. ఏదీ దాచలేదు. మైదానంలో నోరు మూసుకుని నిలబడ్డ సంగతి చెప్పేటప్పుడు మాత్రం రెండుసార్లు ఆగాడు. కృపమణి కొంగు నెత్తి మీదికి లాక్కుని తల దించుకుంది. ఆయన పోయి మోటారును కానుకల బల్ల మీద పెట్టాడు.

యేసుప్రసాద్‌కు ఏం చేయాలో తోచలేదు. కాస్త ఆలోచించి, కానుకగా వచ్చింది కాబట్టి వేలం వేయాల్సిందే అన్నాడు. అడిగాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి అడిగాడు. దాచిపెట్టిన సొమ్మును ముట్టుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆడవాళ్ల వరసలో వెనక నుంచి ఒక చెయ్యి లేచింది.

"ఒక మూట శనక్కాయలు" అంది ఏసుమణి.

ఆమె ముందుకొచ్చి మోటారు తీసుకుంది. అలవాటు కొద్దీ గాబ్రియేలు చెయ్యి కొంచెం ముందుకు వచ్చింది. ఆమె ఆ చేతి వైపు చూసి, మోటారును తన కొంగున ముడివేసుకుంది.

"ఈసారి నీకియ్యను అబ్బీ."

ఒకరిద్దరు నవ్వారు. గాబ్రియేలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మార్చిలో మళ్లీ పందెం జరిగింది. గాబ్రియేలు పాత మోటారుతోనే వచ్చాడు. వేరే మోటారు చుట్టుకోవచ్చు, చుట్టలేదు. గీత దగ్గర నిలబెట్టడానికి కారును తీసుకుపోతుంటే ఏసుమణి అడ్డమొచ్చి, దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. అందరూ చూస్తుండగా రెండు అరచేతులతో గీత మీద నిలబెట్టి, పక్కకొచ్చి కూర్చుంది. ఆమె కొంగున ముడి అలాగే ఉంది. కారు పరుగెత్తింది. ఎప్పటిలాగే చివర వచ్చింది.

ఎవరూ ఆమె చెయ్యి వైపు చూడలేదు. చూసినవాళ్లంతా గాబ్రియేలునే చూశారు. ఏసుమణి సంచి విప్పి శనక్కాయలు పంచడం మొదలుపెట్టింది. కృపమణి అందరికంటే ముందు చెయ్యి చాచింది. గాబ్రియేలు చివర చాచాడు. ఆయన చేతిలోనూ ఒక గుప్పెడు పోసింది, అందరికీ పోసినంతే.